ఏటా కాలిస్తే ఇప్ప మొక్క ఎప్పుడు ఎదుగుతుంది?



కాలిఫోర్నియాలోని జెయింట్ సెకోయా చెట్లకు నిప్పు మేలు చేస్తుందన్న సంగతి మా కుర్రాళ్ల ఫోన్లలోకీ వచ్చింది. "అక్కడ సర్కారే అడవిని కాలుస్తుంటే మనం కాలిస్తే తప్పేంటి?" అంటున్నారు. అడగవలసిన ప్రశ్నే. అందుకే ఈ ఉత్తరం.

సెకోయా కాయ ఒక్కోసారి 20 ఏళ్ల దాకా పచ్చిగానే కొమ్మను పట్టుకుని ఉంటుంది. కింద మంట లేస్తే ఆ సెగకు ఎండి విచ్చుకుంటుంది. గింజ చాలా చిన్నది. ఆకుచెత్త కాలి మట్టి బయటపడితేనే దానికి వేరు దిగుతుంది. పెద్ద చెట్టుకు రెండడుగుల దాకా మందమైన బెరడు ఉంటుంది కాబట్టి మామూలు మంటకు చావదు. దశాబ్దాల పాటు నిప్పును ఆపేసరికి మొలకలు కరువయ్యాయని గ్రహించి, 1968 నుంచి అక్కడి పార్కుల్లో అధికారులే అదుపులో మంట పెడుతున్నారు. కానీ ఒకసారి కాల్చిన చోటును మళ్లీ ఏళ్ల తరబడి ముట్టుకోరు. మన కుర్రాళ్లు వదిలేసిన ముక్క ఇదే.

మా మరైగూడ వైపు అలా కాదు. మార్చిలో ఇప్ప పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఎండుటాకుల్లో కనపడదని చెట్టు కింద అగ్గి పెడతారు. నల్లటి నేల మీద పువ్వు తెల్లగా కనిపిస్తుంది, ఏరడం తేలిక. ఆ నిప్పును ఆర్పకుండా వెళితే మధ్యాహ్నానికి టేకు ఆకుల్లోకి పాకుతుంది. తునికాకు లేత చిగుళ్ల కోసం పెట్టే మంట వేరే. కిందటి వానలకు మొలిచిన ఇప్ప మొక్క జానెడు కూడా ఉండదు, బెరడు కాగితమంత. మాడిపోతుంది. వేరు బతికి ఉంటే వానలకు మళ్లీ చిగురిస్తుంది, వచ్చే వేసవికి మళ్లీ మాడుతుంది. మా చుట్టూ ఉన్నవన్నీ తాతల నాటి ఇప్ప చెట్లే. నడివయసు చెట్టు చూపించండి!

నిప్పును పూర్తిగా నిషేధించమని నేననడం లేదు. బర్మా టేకు అడవుల్లో నిప్పును మొత్తం ఆపితే టేకు మొలకలు తగ్గుతున్నాయని 1890ల్లోనే ఫారెస్టు అధికారులు వాదించారు. 1927 అటవీ చట్టం 26వ సెక్షన్ చూపించి కేసులు పెడితే పువ్వు ఏరుకునే ఆడవాళ్లు భయపడతారు తప్ప మొక్క బతకదు.

ఫారెస్టు శాఖ ఇప్ప చెట్ల కింద కట్టడానికి వలలు ఇవ్వాలి. వల ఉంటే అగ్గిపెట్టెతో పనే లేదు. తునికి పొదలు కొట్టే కూలి ఫిబ్రవరిలోనే చేతికందాలి, అప్పుడు చిగుళ్ల కోసం మంట పెట్టక్కర్లేదు. ఏ ముక్కను ఈ ఏడు కాల్చాలి, దేన్ని మొక్కలు ఎదిగేదాకా వదిలేయాలి అన్నది గ్రామసభ తేల్చాలి. అడవిని కాపాడి పెంచుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిందే. వచ్చే పువ్వు కాలానికి ముందే ఆ సభలు పెట్టించమని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు,
మరైగూడ, సుక్మా జిల్లా, బస్తర్