అడవిలో అతిథులెవరు, నిర్వాసితులెవరు?

శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఒక ఆదివారం పొద్దున నిలబడి చూడండి. హైదరాబాదు కార్లు వరుస కట్టి వస్తాయి. విడిది గదులు దొరికినవాళ్లు రాత్రి అక్కడే పండుకుని, తెల్లవారి జీపెక్కి ఫర్హాబాద్ గుట్టల మీదికి పోతారు. జింకో, దుప్పో కనబడుతుంది. అదృష్టం బాగుంటే పులి అడుగుజాడ. అదే రోడ్డు వెంబడి నెత్తిన మూట పెట్టుకుని చెంచు ఆడకూతురు నడిచిపోతుంటుంది. ఆమె తాతముత్తాతలు పుట్టిన పెంట ఆ గుట్టల లోపలే ఉంది. కారులో వచ్చినాయన ఆ అడవికి అతిథి. మరి ఆమె ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు తేలవలసిన కాలం వచ్చింది.

మేము సఫారీకి వ్యతిరేకులం కాము. పట్నం పిల్లలు అడవిని కళ్లారా చూస్తే మాకు కడుపుమంట లేదు. పులి బతకాలన్నదీ మా మాటే. పులి ఉన్న అడవే నిలుస్తుంది, అడవి ఉంటేనే వాగులో నీళ్లుంటాయని సేద్యం చేసేవానికి వేరే చెప్పనక్కర లేదు. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు నల్లమల జనం, చెంచులు, పట్నం చదువరులు ఒక్కటై నిలిచారు. ఆ ఏడు సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేక తీర్మానం చేయక తప్పలేదు. ఆనాడు అడవిని కాపాడింది అడవి బిడ్డలే. ఇవ్వాళ అడవికి వాళ్లే అడ్డమని చెబితే ఎట్ల నమ్మేది?

రాష్ట్రం విడిపోయినాక 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వు వేరుగా ఏర్పడింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 కోర్ ప్రాంతమే. చెంచు పెంటలు చాలా వరకు ఈ కోర్‌లోనే పడ్డాయి. 2021 నవంబరులో అటవీ శాఖ రాత్రి బస, సఫారీ కలిపి ప్యాకేజీ పెట్టింది. అప్పట్లో ఇద్దరికి ఒక రాత్రికి నాలుగు వేలకు పైమాటే. చెంచు యువకులు కొందరికి గైడ్లుగా పని దొరికింది. మంచిదే, కాదనము. కాని గైడు పని దొరికినంత మాత్రాన అడవి మీద హక్కు దొరికినట్టు కాదు. కూలి వేరు, హక్కు వేరు. ఈ తేడా వ్యవసాయ కూలీకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మరొకపక్క కోర్‌లోని చెంచు గూడేలను బయటికి తరలించే పని సాగుతున్నది. సార్లపల్లి, కుడిచింతలబయలు పేర్లు ముందు వినబడుతున్నాయి. కొల్లాపూర్ వైపు బాచారం దగ్గర చోటు చూపుతున్నారు. ఇదంతా స్వచ్ఛందమేనని అధికారుల మాట. స్వచ్ఛందమంటే ఏమిటో చట్టం చెబుతున్నది. 2006 అటవీ హక్కుల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. గ్రామసభ తెలిసి, ఒప్పుకుని, రాతపూర్వకంగా సమ్మతించాలి. పునరావాసం చోట భూమి, వసతి తయారైనాకనే జనాన్ని కదపాలి. బడి లేకుండా, దవాఖానా లేకుండా, రోడ్డు లేకుండా ఏండ్ల తరబడి ఉంచి, ఆ తర్వాత పోతావా ఉంటావా అని అడిగితే అది సమ్మతి కాదు. బతకలేక తలవంచడం.

ఇక పైసల లెక్క చూద్దాం. కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. వినడానికి పెద్ద మొత్తమే. పైకం వద్దు, భూమి కావాలన్నవారికి రెండు హెక్టార్లు, అంటే దగ్గర దగ్గర అయిదెకరాలు చూపాలి. కేంద్రం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం భూమి కొనుగోలుకు, బాగుచేయడానికి మొత్తంలో నూటికి 35 వంతులు. 15 లక్షల్లో అది అయిదుంపావు లక్షలు. ఎకరాకు లక్ష పైచిల్లర. ఆ ధరకు నీటివసతి గల భూమి కొల్లాపూర్‌లో గాని, వనపర్తిలో గాని ఎవరైనా అమ్ముతారేమో అడిగి చూడండి! ప్రభుత్వ భూమే ఇస్తామంటారా, మంచిది. దానికి పట్టా ఉంటుందా? నీళ్లుంటాయా? తేనె తీసి, గడ్డ తవ్వి బతికినవాడు పంట చేతికొచ్చేదాకా ఏమి తినాలి?

ఈ అనుమానం మాకు ఊరికే రాలేదు. నలభై ఏండ్ల కింద శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, ఆలంపూర్ వైపు కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగాయి. కరెంటు వస్తుంది, దేశం వెలుగుతుందన్నారు. ముంపు కుటుంబానికొక ఉద్యోగమని 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతూనే తండ్రులు ముసలివాళ్లయ్యారు, కొడుకులు గుంపుమేస్త్రి వెంట బొంబాయి బాట పట్టారు. పాలమూరు లేబర్ అన్న పేరు ఊరకే రాలేదు. కరువొకటే కాదు, భూమి పోవడం కూడా దానికి కారణం.

అందుకే ఇది చెంచుల గొడవ మాత్రమే అనుకునేవారికి మేము ఒక మాట చెబుతున్నాము. అడవి నుండి దిగిన మనిషికి సేద్యం కుదరకపోతే మిగిలేది కూలి అడ్డానే. గద్వాల సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి ఇప్పటికే ఆడవాళ్లు, పిల్లలు తక్కువ కూలికి నలుగుతున్నారు. ఆకలితో ఇంకో గుంపు దిగితే కూలి రేటు ఎటు పోతుందో మన కూలీ సోదరులే ఆలోచించుకోవాలి. వాళ్ల ఆకలిని మన కూలి తెగ్గొట్టడానికి వాడుకుంటారు. కాబట్టి చెంచు హక్కు నిలబడటంలోనే మన కూలి నిలబడటం ఉంది.

మా కోరికలు పెద్దవి కావు. హక్కుల గుర్తింపు పూర్తి కాకుండా ఒక్క కుటుంబాన్నీ కదపరాదు. ఉంటామన్నవారిని ఉండనివ్వాలి, బడి, దవాఖానా అక్కడికే రావాలి. పోతామన్నవారికి ముందు నీళ్లున్న భూమి, పట్టా, ఆ తర్వాతనే తరలింపు. సఫారీ, విడిది గదుల మీద వచ్చిన ప్రతి రూపాయి లెక్కను, అందులో పెంటలకు చేరిన వంతును గ్రామసభలో చదివి వినిపించాలి. గైడ్లకు, నిప్పు కాపలా వాళ్లకు ఏడాది పొడుగునా పని, చట్టం చెప్పిన కూలి ఇవ్వాలి. ఖాళీ అయిన గూడెం జాగా రేపు మరో విడిదిగా మారదని రాతపూర్వకంగా హామీ కావాలి.

అడవిని చూడవచ్చే పెద్దమనుషులకు కూడా ఒక మనవి. పులి కనబడలేదని చింతపడకండి. జీపు పక్కన నిలబడ్డ మనిషిని ఒక్కసారి పలకరించండి. నీ పెంట ఏది, నీకు పట్టా ఉందా అని అడగండి. అడవి సంగతి ఆయన జవాబులోనే ఉంటుంది.