అప్పుకు ముందు పని నేర్వనిండు

రైతు సోదరులారా! మొలకశక్తి చూడక విత్తనమును చేనిలో చల్లు రైతు ఉండడు. మన యిండ్లలోని స్త్రీలు పొదుపు సంఘమునుండి తెచ్చు అప్పు విషయమున మనమీ జాగ్రత్త చూపుచున్నామా?

డ్వాక్రా పథకము 1982లో ఆరంభమైనది. 1992లో నాబార్డు పొదుపు సంఘములను బ్యాంకులతో కలుపు పని చేపట్టినది. నాటినుండి అప్పు దొరకుట సులువైనది. కాని 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి కుటుంబములు నలిగిపోగా ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన సంగతి మరువరాదు. ఆదాయము పెంచని అప్పును తీర్చుటకు మరియొక అప్పు చేయవలసివచ్చును.

పెరటి కోళ్లనే తీసికొందము. ఒక సభ్యురాలు అప్పుతో 50 కోడిపిల్లలను కొన్నదనుకొనండి. కొక్కెర తెగులు సోకినచో కొద్ది దినములలో గూడు ఖాళీయగును. వాయిదా మాత్రము మిగులును. పిల్లలకు 5-7వ దినమున లసోటా టీకా చుక్క కంటిలోనో ముక్కులోనో వేయవలెననియు, ఆ మందును మంచులోనుంచి తేవలెననియు, మేత ఖర్చు వ్రాసికొని గ్రుడ్డు ధర కట్టవలెననియు ముందే నేర్చియున్నచో ఆ అప్పే పెట్టుబడి యగును. పచ్చళ్ల వ్యాపారమైనను, కుట్టుపనియైనను ఇంతే. సరకు ఖర్చుతోపాటు తన కూలిని లెక్కలో చేర్చుట నేర్వనిదే లాభనష్టములు తెలియవు.

నేర్పువారు లేకపోలేదు. బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు భోజన వసతులతో ఉచితముగా నేర్పుచున్నవి. కృషి విజ్ఞాన కేంద్రములలోను శిక్షణలు కలవు. అయినను పేరు వ్రాయించుకొన్న స్త్రీలలో కొందరు రారు. కారణమడిగితే, "ఇంట్లో పంపలేదండీ, గేదెకు గడ్డి వేసేవారు లేరు" అందురు.

దాపరికమెందులకు? అడ్డము మనమే. అప్పు కాగితముపై సంతకమునకు ఆమె కావలెను. పది దినముల శిక్షణకు మాత్రము ఇల్లు కదలరాదు! ఆ సొమ్ము మన ఎరువులకో, ఇంట పెండ్లికో పోయినను వాయిదా కట్టవలసినది ఆమెయే. ఇది న్యాయమేనా?

గ్రామోద్యోగులకు నా మనవి: అప్పు దరఖాస్తు వ్రాయునపుడే "ఏ పని చేయుదువమ్మా? ఎక్కడ నేర్చితివి? ఎవరికి అమ్ముదువు?" అని అడగండి. సమాధానము లేనిచో ముందు శిక్షణకు పంపండి.

రైతు సోదరులారా! ఆ పది దినములు పొయ్యి మీరు వెలిగించండి, పాలు మీరు పిండండి. గేదె మొదట బెదరినను, రెండు పూటలలో మీ చేతికి అలవాటు పడును.