లైసెన్సు చాటున లెక్క దాచొద్దు

ప్రోటీన్ పొడిని ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఫలితాన్ని జనానికి చెప్పిన యూట్యూబర్ల నోరు మూయించమని ఒక కంపెనీ కోరితే, 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అందుకు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. సరైన నిర్ణయం. అయినా సప్లిమెంట్ల వ్యాపారంలో ఒక మాట ఇంకా చలామణీ అవుతూనే ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు ఉన్న సరుకు మంచిచెడ్డలు తేల్చే హక్కు బయటివాళ్లకు లేదట! కొనేవాడిని ఇంతకన్నా పచ్చిగా మభ్యపెట్టే వాదన మరొకటి లేదు.

లైసెన్సు అంటే ఆహార వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే అనుమతి. డబ్బా మీది ఆ 14 అంకెలు అనుమతి పొందినవారెవరో చెబుతాయి. చేతిలో ఉన్న డబ్బాను ఎవరైనా పరీక్షించారని గానీ, స్కూపుకు 24 గ్రాములని రాస్తే 24 గ్రాములూ ఉన్నాయని గానీ చెప్పవు. ఈ తేడా కంపెనీలకు తెలియనిది కాదు. తెలిసే ఆ నంబరును నాణ్యతకు హామీపత్రంలా చూపుతున్నారు.

మా ల్యాబ్ రిపోర్టు ఉందిగా అంటారు. ఏ పరీక్ష చేశారన్నదే అసలు ప్రశ్న. మామూలు పరీక్షలో ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. పొడిలోని నత్రజనిని కొలిచి, 6.25 లాంటి అంకెతో హెచ్చిస్తారు. ఆ నత్రజని దేని నుంచి వచ్చిందన్నది ఈ లెక్కకు పట్టదు. అందుకే చవకగా దొరికే గ్లైసిన్, టారిన్ లాంటి అమైనో ఆమ్లాలు కలిపి అంకె పెంచే దొంగదారి పుట్టింది. 100 గ్రాముల గ్లైసిన్ ఈ లెక్కలో 116 గ్రాములకు పైగా ప్రోటీన్‌గా తేలుతుంది. శరీరం సొంతంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలు మాత్రం అందులో ఒక్కటీ ఉండవు. 2008లో చైనాలో నీళ్లపాలలో మెలమిన్ అనే నత్రజని రసాయనం కలిపినవాళ్లు వాడుకున్నదీ ఈ లొసుగునే. ఆరుగురు పసివాళ్లు చనిపోయారు. దాదాపు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. ఇంత జరిగాక కూడా నత్రజని లెక్క చూపించి, ఇక అడగొద్దనడానికి నోరెలా వస్తోంది?

అడిగితే ఏం బయటపడుతుందో 2024లో చూశాం. కేరళ వైద్యుడొకరి బృందం 36 ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీది ప్రోటీన్ అంకె తప్పని తేలింది. కొన్నింటిలో రాసినదాంట్లో సగమే ఉంది. 14 శాతం ఉత్పత్తుల్లో కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లాటాక్సిన్ ఉంది. ఈ పని బయటివాళ్లు చేయకూడదంటే, ఎవరూ చేయకూడదనే అర్థం.

ఒక్క డబ్బా ఫలితంతో బ్రాండునంతటినీ దోషిగా నిలబెట్టకూడదన్నది ఒప్పుకోవలసిన మాటే. అందుకు మందు మరిన్ని పరీక్షలే, కోర్టు కేసులు కావు.

మన చట్టం కూడా కొనేవాడి పక్షాన గట్టిగా లేదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి తాము కొన్నదాన్ని పరీక్ష చేయించుకోవచ్చు. కానీ ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే వ్యాపారికి చెప్పాలి! ఫోనులో ఆర్డరు పెట్టే కుర్రాడు ఎవరికి చెప్పాలి? చెప్పాక వచ్చే డబ్బా అందరికీ పంపేలాంటిదేనని పూచీ ఎవరు? తప్పుడు లేబుల్‌కు జరిమానా 3 లక్షలు మించదు. కోట్లలో నడిచే వ్యాపారానికి అదొక ఖర్చు పద్దు మాత్రమే.

ఈ పొడులకు దూరంగా ఉండమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలోనే సూచించింది. మంచి సలహా. అయినా పోలీసు ఉద్యోగం కోసం కండలు పెంచుకుంటున్న పేదింటి కుర్రాడు ఇంట్లో అడిగి తెచ్చుకున్న రెండు మూడు వేలు పెట్టి డబ్బా కొంటే, దాని మీద రాసినంత ప్రోటీన్ అతనికి దక్కాల్సిందే.

40వ సెక్షన్‌లోని ముందస్తు సమాచారం షరతును పార్లమెంటు తొలగించాలి. నత్రజని లెక్కతో సరిపెట్టకుండా అమైనో ఆమ్లాల విశ్లేషణను ఎఫ్ఎస్ఎస్ఏఐ తప్పనిసరి చేయాలి. అంతవరకూ ఆగకుండా, రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రతా కమిషనర్లు మామూలు కొనుగోలుదారుల్లా జిమ్ముల నుంచీ ఆన్‌లైన్ నుంచీ డబ్బాలు తెప్పించి పరీక్షించాలి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరుతో సహా ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి.