జంట చీట్ల జోస్యము

చిలుక జోస్యమునందు చిలుక పంజరము వెడలి యొక్క చీటినే తీయును. ఆ బొమ్మను బట్టి ఫలము చెప్పుదురు. నేడు మన పట్టణములలోని పడుచులు మక్కువపడు టారో జోస్యమునందు 78 చీట్లుండును. ఇవి 15వ శతాబ్దమున ఇటలీలో ఆటకై పుట్టినవి. జోస్యమునకు వాడుట 18వ శతాబ్దమున ఫ్రాన్సులో ప్రబలెను.

ఇందు రెండు చీట్లను జోడించి చదువుటయే నేర్పు. కూలుచున్న గోపురము 16వ చీటి, నక్షత్రము 17వది. గోపురము ముందు వచ్చినచో, నష్టము పిమ్మట ఊరట కలదందురు. నక్షత్రము ముందు వచ్చినచో, ఆశపడినది చెడునందురు. బొమ్మలవే, మాట మాత్రము తలక్రిందులు! 13వది మృత్యువు. దానిని చూచి బెదరువారు పెక్కురు. ప్రక్కన సూర్యుడున్నచో, ఒక దశ ముగిసి మరియొకటి తెల్లవారునని చదువుదురే గాని చావని కాదు.

మన నారాయణవనపు కథ తలచుకొనుడు. పద్మావతి మంచము పట్టగా, ఎరుకలసాని వచ్చి ధరణీదేవికి ఎరుక చెప్పెను: నీ కూతురు శేషాచలవాసుని వలచినది, ఆతని కిచ్చినచో కుదుటపడును. చెప్పినది నిజమే. అయితే ఆ వేషము వేసినవాడు శ్రీనివాసుడే, అనగా పెండ్లికొడుకే! దేవుని లీల గనుక శుభమైనది. మన పిల్ల సంబంధమును చీట్లకు ముడిపెట్టునపుడు, ఏ జంటకే యర్థము చెప్పిన ఎవరికి లాభమో తల్లి యోచింపవలదా? మృత్యువు చీటి చూపి శాంతికి సొమ్మడిగినచో, కొంగుముడి విప్పకముందే ప్రక్క చీటి యేదని యడుగుడు.