నడుము మోసే బరువు

మన చిత్తూరు పల్లెల్లో కడుపుతో ఉన్నవాళ్లు కూడా చెనక్కాయల చేలో వంగి కలుపు తీస్తుంటారు. నడుం నొప్పంటే ‘ఈ నెలల్లో మామూలే’ అనేస్తాం. ఆ జవాబు మాకు సరిపోలేదు, అందుకే ఈ సంచిక.

సుమారు 70 గ్రాముల గర్భసంచి నెలలు నిండేసరికి కిలో దాకా పెరుగుతుంది. బరువు ముందుకు జరిగేకొద్దీ, తూలిపోకుండా నడుము వెనక్కి వంగుతుంది. కటి కీళ్లు వదులవుతాయి. 2007లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, నడుము వంపు మగవాళ్లలో 2 వెన్నుపూసల మీద, ఆడవాళ్లలో 3 పూసల మీద పరుచుకుంటుంది. రెండు కాళ్ల మీద నడిచిన తొలి తల్లుల నాటి ఏర్పాటు అది!

అంత పనిచేసే ఒంటికి వంగక్కర్లేని పని, బస్సులో ఒక సీటు ఇవ్వడం మనందరి బాధ్యత. ఈ సంచికలోని రచనలన్నిటిలో ఉన్నది ఆ పట్టుదలే. చదివాక ఇంట్లో మగవాళ్ల చేతికివ్వండి.