నీరసించిన అద్దాలు

పాత కారుకు వయసు మీరిందని ముందుగా చెప్పేది చాలాసార్లు ఇంజను కాదు, కిటికీ అద్దం. మీట నొక్కగానే ఒకప్పుడు సర్రున లేచిన కరెంటు అద్దం, ఇప్పుడు తిరుపతి మెట్లెక్కే ముసలి యాత్రికుడిలా ఆగి ఆగి లేస్తుంది. అది పైకి చేరేలోగా వానజల్లు లోపలికి వచ్చి అమ్మగారి పట్టుచీర తడిసిపోతుంది.

ఈ సౌఖ్యం నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో పాకార్డు కార్లకు 1940 దశకం మొదట్లోనే ఇటువంటి అద్దాలుండేవి. కరెంటు పంపు నూనెను తోస్తే, ఆ ఒత్తిడికి అవి లేచేవి. తలుపుకొక చిన్న మోటారు తరువాత వచ్చింది.

నా మిత్రుడొకాయన దగ్గర 1980ల నాటి విదేశీ కారున్నది. తండ్రిగారు మోజుపడి కొన్నది. దాని నాలుగు అద్దాలూ నీరసించాయి. "నాలుగు మోటార్లూ మార్చాలి" అన్నాడు మెకానిక్కు. అంత ఖర్చు భరించలేక ఆయన కారునే అమ్మేద్దామనుకున్నాడు.

"తొందరపడకండి. నాలుగు మోటార్లూ కూడబలుక్కుని ఒకేసారి జబ్బు పడవు గదా!" అన్నాను.

ఒక ఆదివారం తలుపు లోపలి అట్ట విప్పాము. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర మీటరు 14 వోల్టులు చూపింది. అద్దం లేస్తుండగా మోటారు దగ్గర చూస్తే పదే! మిగిలిన నాలుగూ దారిలోనే ఖర్చయిపోతున్నాయి. మీటలు విప్పితే లోపలి రాగి బిళ్ళలు మసిబారి ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, భారమంతా మీట మీద పడకుండా మోటారుకు రిలేలు అమర్చాము.

సగం జబ్బు నయమైంది. మిగతా సగం అద్దం జారే గాడిలో ఉన్నది. అక్కడి ఫెల్టు దుమ్ముతో గట్టిపడి అద్దాన్ని పట్టేస్తున్నది. దులిపి, తుడిచి, సిలికోన్ పూశాము. వంటింటి నూనెగాని, గ్రీజుగాని గాడిలో పూయరాదు. దుమ్మును పట్టి ఉంచుతాయి, గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది కూడా. గ్రీజు వలసింది అద్దాన్ని ఎత్తే ఇనుప చేతుల కీళ్ళకు. పదకొండు సెకండ్లు పట్టే అద్దం నాలుగింటిలో లేచింది. ఒక్క మోటారూ కొనలేదు.

స్వయంగా పూనుకునేవారికి ఒక హెచ్చరిక. కొన్ని కార్లలో ఆ ఇనుప చేతులకు బలమైన స్ప్రింగు ఉంటుంది. చేతులను కదలకుండా బిగించకుండా మోటారు విప్పితే అవి ఒక్కసారిగా విసురుకుంటాయి; వేళ్ళు దక్కవు.

మరొకటి. అడ్డం తగిలితే తనంతట తాను వెనక్కి దిగే తెలివి ఆనాటి అద్దాలకు లేదు. వేగం తిరిగివచ్చిన అద్దానికి జాలి ఉండదు. పిల్లలను కారులో ఒంటరిగా వదలకండి. దిగేటప్పుడు తాళంచెవి మీ జేబులోనే ఉండాలి.