ఇంటి పెరటికి పెట్రోలు యంత్రం వద్దు

తొలకరి జల్లులు పడి పదిహేను రోజులు గడిచేసరికి ఇళ్ల చుట్టూ గడ్డి మోకాలెత్తున లేస్తుంది. ఆ వెంటనే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, పెరటి గడ్డి కోయడానికి పెట్రోలు బ్రష్ కట్టర్ కొందామనుకుంటున్నాను. 43 సి.సి. సరిపోతుందా, 52 సి.సి. తీసుకోవాలా?" అడిగేవారిలో విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, అమెరికాలో పిల్లల ఇంటి ముందు పచ్చిక కోసే యంత్రాన్ని చూసి ముచ్చటపడి వచ్చినవారూ ఉన్నారు. అందరికీ నా సమాధానం ఒకటే. రెండూ వద్దు. యంత్రాల సంగతి వైద్యుడికెందుకని కొందరు నవ్వుతారు. ఆ యంత్రం చేసిన గాయాలకు కట్టు కట్టినవాణ్ణి గనుక చెబుతున్నాను.

నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ముప్పై ఏళ్ల కూలీ ఒకడు ఆసుపత్రికి వచ్చాడు. "గడ్డి కోస్తుంటే కంట్లో నలుసు పడింది సార్, నీళ్లతో కడుక్కున్నాను" అన్నాడు. పైకి కనిపిస్తున్న గాయం ఆవగింజంత. ఎక్స్‌రే తీయిస్తే కంటిగుడ్డు లోపల లోహపు ముక్క కనిపించింది. తిరుగుతున్న ఇనుప బ్లేడు రాయికి తగిలి, దాని అంచు విరిగి ఎగిరింది. పెద్దాసుపత్రికి పంపించాం. ప్రాణం దక్కింది గానీ చూపు దక్కలేదు. ఇంటి యజమాని యంత్రమిచ్చాడు, పెట్రోలిచ్చాడు, ఆ రోజు కూలి కూడా ఇచ్చాడు. రెండు మూడు వందలు ఖరీదు చేసే కంటి అద్దాలు మాత్రం ఇవ్వలేదు.

ఇది దురదృష్టమని సరిపెట్టుకోకండి. లెక్క వేసి చూడండి. ఈ యంత్రాల తల నిమిషానికి ఆరు వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. నైలాన్ తీగ తిరిగే వలయం వ్యాసం 40 సెంటీమీటర్లనుకుందాం. అప్పుడు తీగ కొస వేగం సెకనుకు సుమారు 125 మీటర్లు, అంటే గంటకు 450 కిలోమీటర్లు. ఆ వేగంతో కదిలే తీగకు గులకరాయి, గాజుపెంకు, మేకు ఏది తగిలినా వడిసెల రాయిలా ఎగురుతుంది. అందుకే 15 మీటర్ల లోపు మరో మనిషి ఉండరాదని తయారీదారులే తమ పుస్తకాలలో రాస్తారు. మన ఇళ్లలో అయిదు సెంట్ల స్థలమంటే 242 గజాలు. ఇల్లు పోగా మిగిలేది నూరు గజాలో, నూట ఇరవై గజాలో. అటు పక్కింటి వసారా, ఇటు వీధి, మధ్యలో ఆడుకునే పిల్లలు. 15 మీటర్ల ఖాళీ ఎక్కడుంది? తయారీదారు పెట్టిన నియమాన్ని పాటించడానికే వీలులేని చోట ఆ యంత్రాన్ని వాడడం ఏ విధంగా సబబు?

కంట్లో పడేది రాయే కానక్కరలేదు. గడ్డిపోచ చాలు. పచ్చి ఆకుల మీద, మట్టిలో ఉండే బూజు నల్లగుడ్డు మీది చిన్న గీతలోకి చేరితే పుండవుతుంది. దక్షిణ భారతంలో వ్యవసాయ కూలీలకు కంటి చూపు పోవడానికి ఈ బూజు పుండ్లు ఒక ముఖ్య కారణం. గీత పడగానే మనవాళ్లు చేసే పని ఏమిటి? చనుబాలు పోయడం, ఆకు పసరు పిండడం, లేదా మందుల దుకాణానికి వెళ్లి అడిగి ఏవో చుక్కలు తెచ్చుకోవడం. ఆ చుక్కలలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, బూజు మాత్రం లోలోపల విజృంభిస్తుంది. చివరకు కంట్లో పువ్వు మిగులుతుంది.

మన పెరళ్లలో పెరిగేది మెత్తని పచ్చిక కాదు, వయ్యారిభామ. దానిని చేతితో పీకినా దద్దుర్లు వచ్చేవారున్నారు. యంత్రంతో కొడితే దాని రసం, తునకలు, పుప్పొడి గాలిలోకి లేచి కోసేవాడి ముఖం మీద, మెడ మీద పడతాయి. ఆయాసం ఉన్న ఇంటివారి ఊపిరితిత్తులలోకీ చేరతాయి. వర్షం పడిన తరువాత, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకొని వేళ్లతో సహా పెరకడమే దానికి మందు.

శబ్దం సంగతి చూద్దాం. 85 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు మించి వినరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచిస్తుంది. ఆపైన ప్రతి మూడు డెసిబెళ్లకు అనుమతించే సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 97 డెసిబెళ్లకు అరగంట, 100 డెసిబెళ్లకు పావుగంట. పెట్రోలు యంత్రాలు కోసేవాడి చెవి దగ్గర చేసే చప్పుడు తరచుగా ఈ స్థాయిలోనే ఉంటుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. రోజూ గంటల తరబడి ఆ అదురును భరించే చేతులకు తిమ్మిరి పడుతుంది, చలికి వేళ్లు తెల్లగా పాలిపోతాయి. ఇంటింటికీ తిరిగి గడ్డి కోసే కూలీలు దీనిని "చేతులు మొద్దుబారాయి" అంటారు గానీ యంత్రం వల్లనని అనుకోరు.

ఇక పెట్రోలు. ఇవి ఎక్కువగా టూ స్ట్రోక్ ఇంజన్లు. పాత చేతక్ స్కూటర్లు, లూనాలు వదిలిన నీలిపొగ నా వయసువారికి గుర్తుండే ఉంటుంది. ఇదీ ఆ జాతిదే. ఇంధనంలో గణనీయమైన భాగం మండకుండానే బయటికి పోతుంది. పెట్రోలులోని బెంజీన్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ నిర్ధారించింది. ఎవరిని చూసి మనం ఈ యంత్రాలు కొంటున్నామో ఆ అమెరికాలోనే, కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుండి పెరటి పనిముట్లలో ఇలాంటి కొత్త చిన్న పెట్రోలు ఇంజన్లకు స్వస్తి చెప్పే మార్గం పట్టింది. వారు వదిలించుకుంటున్నదాన్ని మనం ఆధునికతగా తెచ్చుకుంటున్నాం.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది సీసా. ఈ ఇంజనుకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. కలపగా మిగిలింది ఎక్కడ దాస్తారు? కూల్‌డ్రింకు సీసాలో. కిరోసిన్‌ను మంచినీళ్లనుకొని తాగిన పసివాళ్లను నా సర్వీసులో లెక్కలేనంతమందిని చూశాను. కిరోసిన్ స్టౌలు పోయి ఆ కేసులు తగ్గాయని సంతోషించే సమయంలో రంగు కలిపిన పెట్రోలు సీసా ఇంట్లోకి వస్తోంది. బిడ్డ తాగితే వాంతి చేయించకండి. వాంతితో పాటు అది ఊపిరితిత్తులలోకి దిగితే ప్రాణానికే ప్రమాదం. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

"గడ్డి పెరిగితే పాములొస్తాయి కదా, కోయవద్దంటారా?" అని అడుగుతారు. కోయమనే అంటున్నాను. నూరు గజాల గడ్డికి కొడవలి, పార చాలు. కింద కూర్చోలేని వయసువారికి బ్యాటరీతో నడిచే చిన్న యంత్రం ఉంది. అది మూడు కిలోలకు అటూ ఇటూ బరువు, పెట్రోలుది ఏడెనిమిది కిలోలు. చప్పుడు తక్కువ, పొగ లేదు, ఇంట్లో సీసా అవసరం లేదు. కరెంటు తీగతో నడిచేదైతే తడి గడ్డి మీద వాడరాదు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌.సి.సి.బి. లేని ఇంట్లో అసలే వాడరాదు. అయితే బ్యాటరీదైనా తీగ తీగే, రాయి రాయే. కంటి అద్దాలు దానికీ తప్పవు. ఇవన్నీ ఎందుకని గడ్డిమందు కొట్టకండి. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. అది ఇంట్లో ఉండడం పెట్రోలుకన్నా ఘోరం.

ఎకరాల తోటలున్నవారికి, గట్ల మీద ముళ్లపొదలు కొట్టవలసినవారికి పెట్రోలు యంత్రం తప్పకపోవచ్చు. వారితో నాకు పేచీ లేదు. వారు బలమెంత, ధర ఎంత అని అడిగే ముందు ఇవి చూడాలి: రాళ్లున్న చోట ఇనుప బ్లేడు వద్దు, నైలాన్ తీగే వాడాలి. తల మీది రక్షక కవచాన్ని విప్పరాదు. ఫోర్ స్ట్రోక్ అయితే ఆయిలు కలపనక్కరలేదు, పొగా తక్కువ. పాలీకార్బొనేట్ కంటి అద్దాలు, చెవి మూతలు, బూట్లు, నిండు ప్యాంటు తప్పనిసరి. జాలి ముసుగు ఒక్కటే చాలదు, సన్నని నలుసులు దానిలోంచి దూరతాయి. మూసిన గదిలో ఇంజను స్టార్టు చేయరాదు. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. కోసే ముందు నేల మీది రాళ్లు, తీగలు ఏరివేయాలి.

ప్రమాదం జరిగితే కన్ను నలపకండి, నొక్కకండి, పసర్లు పోయకండి. ఏదైనా గుచ్చుకుంటే పీకకండి. కంటికి తగలకుండా పైన కాగితపు కప్పు బోర్లించి అంటించి, అదే రోజు కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. "యంత్రం వాడుతుండగా తగిలింది" అని తప్పక చెప్పండి. లోపల ఇనుము ఉండవచ్చన్న అనుమానం ఉన్నప్పుడు ఎం.ఆర్‌.ఐ. తీయరాదు.

చివరిగా ఒక మాట. మనలో చాలామంది ఈ యంత్రం కొనేది తాము కోయడానికి కాదు, కూలీ చేత కోయించడానికి. అతడు అద్దాలు అడగడు, అడిగితే పని పోతుందని భయం. ఆ యంత్రాన్ని మీ కొడుకు చేతికి అద్దాలు లేకుండా ఇస్తారా? ఇవ్వలేనప్పుడు పరాయి బిడ్డ చేతికీ ఇవ్వకండి. రేపు మీ వాకిట్లో గడ్డి కోయడానికి వచ్చినవాడికి ముందు అద్దాలు ఇవ్వండి, ఆ తరువాతే పనిముట్టు ఇవ్వండి.